పాత కంప్యూటరునకు తగిన లినక్సు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మైక్రోసాఫ్టు సంస్థ ఉచితముగా అందించుచుండిన భద్రతా సవరణల కాలము ముగిసినది. కోరి నమోదు చేసికొన్నవారికి మఱియొక సంవత్సరము పొడిగించిరి గాని, గడువు గడువే. దాని తరువాతి విండోస్ 11 కావలెనన్నచో యంత్రమున టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు ఉండవలయును. ఇంటెల్ ప్రాసెసరైనచో స్థూలముగా ఎనిమిదవ తరమునకో, అంతకు తరువాతి తరమునకో చెందినదై యుండవలయును. ఈ నిబంధనల మూలమున, 2012 మొదలు 2017 వఱకు మన యిండ్లలోనికి, ట్యూషను కేంద్రములలోనికి, జిరాక్సు దుకాణములలోనికి, కళాశాలల ల్యాబులలోనికి వచ్చి చేరిన కంప్యూటర్లలో పెక్కింటికి, అవి కాలుచేతులు చక్కగా ఆడుచుండగనే, కాలము చెల్లినదని తీర్పు వెలువడినది. కీబోర్డు బాగున్నది, తెర బాగున్నది, ప్రాసెసరునకు జలుబైనను చేయలేదు. అట్టి యంత్రమును పాతసామానులవానికి తూకమునకు వేయక, దానిపై లినక్సు నెక్కించి మఱికొన్ని యేండ్లు వాడుకొనవచ్చునన్న సంగతి ఇప్పుడు చాలమందికి తెలిసినది. తెలియనిదల్లా ఏ లినక్సు అన్నదే.

ఈ ప్రశ్నకు కంప్యూటరు తెలిసిన కుఱ్ఱవాండ్రు సాధారణముగా చెప్పు సమాధానము ఒకటి కలదు: యంత్రమెంత బక్కదో లినక్సు అంత చిన్నది కావలెనని. వినుటకు న్యాయముగనే యున్న యీ మాట నా దృష్టిలో సగమే సత్యము. మిగిలిన సగము గృహస్థును దారి తప్పించునది. డిస్ట్రిబ్యూషనును, వాడుకలో డిస్ట్రో అనుదానిని, ఎన్నుకొనునపుడు చూడవలసినది అది ఎన్ని మెగాబైట్ల డౌన్‌లోడు అన్నది కాదు. దానికి ఎన్ని సంవత్సరములు భద్రతా సవరణలు వచ్చుననియు, అందలి డెస్కుటాపు ఎంత తేలికయనియు, ఏదైన చెడినపుడు అడిగిన చెప్పువారు ఎందఱున్నారనియు చూడవలయును. ఈ మూడింటిని విడిచి చిన్నదనము నొక్కదానినే పట్టుకొని పోయినవాడు నాలుగు నెలలు తిరుగకముందే విసిగి, ఎవరో యిచ్చిన దొంగ విండోసును మరల ఎక్కించుకొనుట నేను తఱచుగా చూచుచున్నాను.

హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండగా లైనస్ టోర్వాల్డ్స్ 1991లో రచించి లోకమున విడిచిన కెర్నెలు, అనగా యంత్రమునకును ప్రోగ్రాములకును నడుమ నిలిచి పనులు పంచు భాగము, ఉబుంటులో నున్నను, డెబియన్‌లో నున్నను, పప్పీలో నున్నను మూలమున ఒక్కటియే. బరువంతయు దానిపైని నిలిచిన అంతస్తులలో నున్నది. గ్నోమ్ అను డెస్కుటాపు, సొగసునకు తక్కువ లేనిదే గాని, ఏమియు తెరువకముందే ఒక గిగాబైటు ర్యాము వఱకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, ఆక్రమించి కూర్చుండును. తెరపై కదలికలన్నిటికిని చెప్పుకోదగిన గ్రాఫిక్సు శక్తిని కోరును. 1996లో ఒలివియే ఫూర్దాన్ ఆరంభించిన ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని, తైవాను దేశపు ఎల్‌ఎక్స్‌డీఈకి వారసత్వముగా వచ్చిన ఎల్‌ఎక్స్‌క్యూటీ గాని ఇంచుమించు దానిలో సగముతో సరిపెట్టుకొనును. విశేషమేమనగా, ఈ డెస్కుటాపులన్నియు ఒక్క డెబియన్‌లోనే లభించును. ఎక్కించుకొను వేళ ఒక పట్టిక చూపి ఏది కావలెనని అది అడుగును, అక్కడ గ్నోమ్ ఎదుట నున్న గుర్తును తీసివేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎదుట పెట్టిన చాలును. కావున "డెబియన్ బరువు, ఫలానాది తేలిక" యని డిస్ట్రోల పేరు పట్టి తూచువారు తూచవలసినదానిని విడిచి సంచిని తూచుచున్నారు.

చిన్న లినక్సుల నిర్మాతల నైపుణ్యమును తక్కువ చేయుట నా యుద్దేశ్యము కాదు. టైనీ కోర్ అనునది కిటికీలు, మెనూలతో కూడిన డెస్కుటాపు సహితముగా ఇరువది మూడు మెగాబైట్లకు అటునిటుగా నుండును. మన చేతిలోని ఫోను తీసిన నాలుగైదు ఫొటోలకు అంతకంటె ఎక్కువ చోటు పట్టును. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో వెలువరించిన పప్పీ లినక్సు, పెన్‌డ్రైవు నుండి సమస్తమును ర్యాములోనికి ఎత్తుకొని, తరువాత హార్డు డిస్కు లేకున్నను పరుగెత్తును. డిస్కు చెడిన కంప్యూటరులోని ఫైళ్లను బయటికి లాగుటకు దానిని మించిన పనిముట్టు లేదు. గ్రీసు దేశమున పుట్టి డెబియన్ పునాదిపై నిలిచిన యాంటిఎక్స్ రెండువందలు, రెండువందల యేబది మెగాబైట్లలో మేల్కొని పనికి సిద్ధమగును; ఈ మూడింటిలో నాకు మక్కువ యైనదియు అదియే.

కాని వీని వెంట వచ్చు చిక్కులను ఎవరును ముందుగా చెప్పరు. టైనీ కోర్‌లో ప్రతి సౌకర్యమును, వైఫైతో సహా, విడివిడిగా తెచ్చి అతికించుకొనవలయును. అది యంత్రమును ఎఱిగినవానికి వినోదము, బ్యాంకు పని తొందరలో నున్నవానికి శిక్ష. పప్పీలో వాడుకరి సర్వాధికారములుగల రూట్‌గా కూర్చుండుట పరిపాటి. ఒంటరి యంత్రముపై దానిని సమర్థింపవచ్చును గాని, ఇంటిలో నలుగురు వాడు కంప్యూటరున, అందులో ఒకరు కనబడిన లింకునెల్ల నొక్కు స్వభావము గలవారైనచో, దానిని నేను సమర్థింపజాలను. యాంటిఎక్స్ యందు అట్టి దోషము లేదు; కాని దాని మెనూలు, దాని కిటికీల పోకడ, విండోసు తప్ప ఎఱుగని తండ్రికో తల్లికో తమంత తాము అలవడునవి కావు.

ఇటీవల మా మేనల్లుడు, గుంటూరులో బీకాం చదువుచున్నవాడు, తన అన్న విడిచిపెట్టిన ల్యాప్‌టాపును తెచ్చి నా బల్లపై పెట్టెను. నాలుగవ తరము ఐ3 ప్రాసెసరు, నాలుగు గిగాబైట్ల ర్యాము, గిఱ్ఱున తిరుగు పాతకాలపు హార్డు డిస్కు. "మావయ్యా, దీనికి అన్నిటికంటే చిన్న లినక్స్ వేసెయ్యి. నూటయాభై ఎంబీలోనే లేస్తుందట, వీడియోలో చూశాను" అనెను. "లేచాక నువ్వేం చేస్తావురా?" అంటిని. యూట్యూబులో పాఠములు, కళాశాల పోర్టలు, వాట్సప్ వెబ్, గూగుల్ డాక్స్ అని వ్రేళ్లు మడచి లెక్క చెప్పెను. అప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈతో డెబియన్ ఎక్కించి, టెర్మినలు తెఱచి, ర్యాము ఖర్చును చూపు ఫ్రీ అను ఆజ్ఞను వానిచేతనే కొట్టించితిని. డెస్కుటాపు నిలిచినంతనే ఖర్చు ఆఱువందల మెగాబైట్ల ప్రాంతమున కనబడినది. తరువాత ఫైర్‌ఫాక్సు తెఱచి వాడు చెప్పిన నాలుగు ట్యాబులను తెఱపించి మరల చూడుమంటిని. ఖర్చు రెండున్నర గిగాబైట్లు దాటియున్నది. వాడు కోరిన అతిచిన్న లినక్సు మాకు మిగిల్చియుండెడిది నాలుగువందల యేబది మెగాబైట్లు; అది బరువైన ట్యాబు రెండింటి గ్రాసము. డెస్కుటాపు ఒక పూట తిని ఊరకుండును, బ్రౌజరు పగలంతయు తినుచునే యుండును.

ఆ ఫ్రీ ఆజ్ఞ చూపు పట్టికలోనే మఱియొక భ్రమకు చోటున్నది. అందు "ఫ్రీ" అను గడి క్రింద అంకె అతిస్వల్పముగా కనబడినంతనే ర్యాము అయిపోయినదని బెదరువారు పెక్కుమంది. ఖాళీగా నున్న ర్యామును లినక్సు ఊరక యుంచదు. ఇటీవల డిస్కునుండి చదివిన ఫైళ్లను అందు దాచి, ప్రోగ్రాములకు చోటు కావలసిన తత్‌క్షణమే విడిచిపెట్టును. నిజముగా చూడవలసినది పట్టిక చివరనున్న "అవైలబుల్" అను గడి. అది రెండు మూడువందల మెగాబైట్లకు పడిపోయినప్పుడే కష్టకాలము సమీపించినదని తలచవలయును.

ఆ కష్టకాలమున జరుగునదేమో తెలిసికొన్నచో, ఎంపికలోని సగము వివాదము దానంతట అదే సమసిపోవును. ర్యాము నిండినపుడు కెర్నెలు అప్పటికి పనిలేని పుటలను స్వాప్ అను పేరుతో డిస్కుపై నొకచోట వ్రాసి, అవసరమైనపుడు మరల చదివి తెచ్చును. నిమిషమునకు 5400 సారులు తిరుగు డిస్కుపై, ఎక్కడో యున్న ఒక్క తునకను వెదకి తెచ్చుటకు పది మిల్లీసెకనులకు పైగా పట్టును. అనగా సెకనునకు నూఱు తునకలు తెచ్చుట గగనము. అదే ఎస్ఎస్‌డీ అయినచో వేలకొలది తునకలను అవలీలగా తెచ్చును. మన యిండ్లలోని కంప్యూటర్లు "హ్యాంగ్" అగుట యనునది పెక్కు సందర్భములలో ప్రాసెసరు దోషము కాదు. డిస్కు గరగరమనుచు, ఎఱ్ఱదీపము ఆరక వెలుగుచు, స్వాపునకును ర్యామునకును నడుమ పడు పరుగే అది. దీనికి జీర్యామ్ అను చక్కని ఉపాయము కెర్నెలులోనే కలదు. పనిలేని పుటలను డిస్కుకు పంపక, ర్యాములోనే కుదించి, సగమునకో మూడవ వంతునకో తగ్గించి దాచుట దాని పద్ధతి. కుదించు శ్రమ ప్రాసెసరుపై పడును గాని, డిస్కు పరుగుతో పోల్చిన అది లెక్కలోనిది కాదు. ఫెడోరా 2020లో వచ్చిన తన 33వ విడుదల నుండి దీనిని అడుగకయే అమర్చుచున్నది. డెబియన్‌లో మాత్రము ఒక ప్యాకేజిని మనమే వేసికొనవలయును.

అందుచేత చేతిలో కొంత సొమ్మున్నవానికి నేను చెప్పు వరుస వేఱు. మొదట గిఱ్ఱున తిరుగు డిస్కును తీసి చిన్న ఎస్ఎస్‌డీ వేయింపుము. ఖాళీ స్లాటున్నచో రెండవది ర్యాము. డిస్ట్రోను గూర్చిన చర్చ ఆ తరువాత. పాత డీడీఆర్3 ర్యాము సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల వాడినది దొఱకును, ఊరిలోని రిపేరు దుకాణమువాడును తెప్పించి యీయగలడు. ఎస్ఎస్‌డీ వేసిన నాలుగు గిగాబైట్ల ల్యాప్‌టాపుపై సాధారణమైన లినక్సు, పాత డిస్కుతో నున్న అదే ల్యాప్‌టాపుపై అతిచిన్న లినక్సుకంటె చుఱుకుగా నుండును.

ఇక పేర్లు చెప్పుమన్నచో చెప్పెదను. ఇయాన్ మర్డాక్ 1993లో స్థాపించిన డెబియన్, ఏ ఒక్క కంపెనీ సొత్తుగాక స్వచ్ఛంద కార్యకర్తల సమష్టి కృషిగా నేటికిని నడచుచున్నది. 2025 ఆగస్టు 9న వెలువడిన దాని 13వ విడుదలకు మూడేండ్లు పూర్తి పోషణయు, పిమ్మట రెండేండ్లు దీర్ఘకాలిక పోషణయు కలిపి అయిదేండ్ల భరోసా కలదు. అందలి ప్రోగ్రాములు కొంత పాతబడినవని ఆధునికులు ఆక్షేపింతురు. పదేండ్ల ల్యాప్‌టాపుపై నిన్నటి ప్రోగ్రాము లేదని వగచుట నాకు అర్థము కాని విషయము. విండోసును విడిచి తొలిసారిగా వచ్చువారికి, డెబియన్ మొదట కొంత ముభావముగా తోచును గనుక, ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చు లినక్స్ మింట్‌ను సూచింతును. క్రింద ఎడమవైపున మెనూ, కుడివైపున గడియారము, తమకు తెలిసిన ఇల్లు వలెనే యుండును. లుబుంటు, క్సుబుంటులు తేలికయైనవే గాని వాని దీర్ఘకాలిక విడుదలలకు పోషణ మూడేండ్లు మాత్రమే. పైగా ఉబుంటు కుటుంబమున ఫైర్‌ఫాక్సు స్నాప్ అను మూటరూపమున వచ్చుచున్నది. పాత డిస్కుపై ఆ మూట తొలిసారి విప్పుకొనుటకు పట్టు కాలమున కాఫీ కలుపుకొని రావచ్చును. మింట్ వారు 2020 నుండియు స్నాపును గుమ్మము దాటనీయకున్నారు. ఈ ఒక్క విషయమున వారి మొండితనము నాకు నచ్చినది.

ముప్పదిరెండు బిట్ల యంత్రముల సంగతి మాత్రము విషాదముగనే చెప్పవలసియున్నది. 2008 ప్రాంతమున ఆటమ్ ఎన్270 ప్రాసెసరుతో, ఒక్క గిగాబైటు ర్యాముతో నెట్‌బుక్కులు అను పేర చిన్నచిన్న ల్యాప్‌టాపులు బజారును ముంచెత్తినవి. అవి అఱువదినాలుగు బిట్ల ప్రోగ్రాములను నడపలేవు. క్రోమ్ 2016లోనే ముప్పదిరెండు బిట్ల లినక్సును విడిచినది. ఉబుంటు 2017లో తన డెస్కుటాపు ప్రతిని మానినది. చిట్టచివరి ఆశ్రయమనుకొన్న డెబియన్ సైతము తన 13వ విడుదలలో ముప్పదిరెండు బిట్ల పీసీలకు కెర్నెలును, ఇన్‌స్టాలరును ఇచ్చుట మానుకొన్నది. ఫైర్‌ఫాక్సు 145వ విడుదలతో అదే త్రోవ పట్టి, దీర్ఘకాలిక ప్రతియైన 140నకు మాత్రము 2026 సెప్టెంబరు వఱకు భద్రతా సవరణలకు హామీ యిచ్చినది. డెబియన్ 12 పునాదిపై నిలిచిన యాంటిఎక్స్ 23 అట్టి యంత్రములపై నేటికిని చక్కగా నడచును. ఆ పునాదికి దీర్ఘకాలిక పోషణ 2028 జూను వఱకు ఉన్నది. కాని అట్టిదానిపై బ్యాంకు వ్యవహారములు చేయవద్దని గట్టిగా చెప్పుదును. టైపు నేర్చుకొనుటకు, పాటలు వినుటకు, తాతగారు తమ జ్ఞాపకములు వ్రాసికొనుటకు అది చాలును. అంతకు మించి దానిని పరుగెత్తింపబూనుట మొండిపట్టు మాత్రమే. మీది ఏ తరగతియో తెలియనిచో పెన్‌డ్రైవు నుండి ముప్పదిరెండు బిట్ల లినక్సు నొకదానిని తెఱచి, ఎల్ఎస్‌సీపీయూ అను ఆజ్ఞ కొట్టినంతనే రెండవ పంక్తిలోనే తెలియును.

తెలుగు సంగతి పలువురు అడుగుదురు గనుక రెండు మాటలు. పూర్వము లినక్సున తెలుగు వత్తులు విడిపోయి గోలగోలగా కనబడు రోజులు గతించినవి. డెబియన్ నిధిలోనే పోతన, వేమన అను ఖతులున్నవి. పెద్దన, తిమ్మన, ధూర్జటి మొదలుగా అష్టదిగ్గజముల పేర్లు ధరించిన ఖతులు మఱియొక మూటగా కలవు. ఐబస్, ఎం17ఎన్ అను రెండింటిని వేసికొన్నచో ఇన్‌స్క్రిప్టు గాని, ఇంగ్లీషు అక్షరములతో తెలుగు కొట్టు పద్ధతి గాని క్షణములో అమరును. వీనికి పట్టు ర్యాము స్వల్పము. అయితే డీటీపీ వృత్తిలో నున్నవారు, అనగా పేజ్‌మేకరున అనూ ఖతులతో పెండ్లిపత్రికలు, కరపత్రములు, పుస్తకములు కూర్చువారు, ఈ వ్యాసము చదివి తొందరపడరాదు. ఆ ఖతులు యూనికోడు కానివి. ఆ కీబోర్డు ప్రోగ్రాము విండోసుది. ఇరువదియేండ్ల ఫైళ్లన్నియు ఆ ముడిలోనే చిక్కియున్నవి. వారి యంత్రమునకు ఇంటర్నెట్టు తీగ తీసివేసి, పాత విండోసును పనికి మాత్రమే వాడుకొనుట మేలు. అటులనే జిరాక్సు దుకాణమువారు తమ ప్రింటరు లినక్సున పలుకునో లేదో ముందుగా చూచుకొనవలయును. దుకాణములలో కనబడు చౌక లేజరు ప్రింటర్లలో కొన్నింటికి ప్రత్యేకమైన డ్రైవరు లేనిదే పని జరుగదు. డిస్కును ముట్టుకొనక పెన్‌డ్రైవు నుండియే లైవుగా నడపి, వైఫై, శబ్దము, ప్రింటరు, మూత మూసి తెఱచినపుడు తెర మేల్కొనుట, ఈ నాలుగింటిని ఒక పూట పరీక్షించుట అందఱికిని శ్రేయస్కరము.

వ్యక్తుల మాట అటులుంచి, సంస్థల విషయమున నాకు గట్టి ఫిర్యాదున్నది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఏండ్ల తరబడి నడచుచున్నది. కైట్ అను సంస్థ పాఠశాలలకే ప్రత్యేకమైన లినక్సును కూర్చి యిచ్చుచున్నది, ఉపాధ్యాయులకు దానిపై శిక్షణయు నొసగుచున్నది. కేంద్ర ప్రభుత్వపు సీడాక్ సంస్థ బాస్ లినక్సు నెన్నడో రూపొందించినది. హైదరాబాదున స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగు విద్యార్థులకు ఈ విద్యను నేర్పుచునే యున్నారు. అయినను మన రెండు తెలుగు రాష్ట్రములలోని ప్రభుత్వ జూనియరు కళాశాలలలో, డిగ్రీ కళాశాలలలో, విండోస్ 11నకు అర్హత లేదన్న ఒక్క కారణమున ల్యాబు కంప్యూటర్లను వేలమునకు జాబితా వ్రాయువారు, అదే జాబితాలో ర్యామెంతో, డిస్కేదో ఒక గడి పెట్టి చూచుకొనరు. నాలుగు గిగాబైట్ల ర్యాముగల యంత్రమును సీ భాషా పాఠములకు, పైథానునకు, లిబ్రాఫీసునకు, ట్యాలీ యొక్కదానికి తప్ప సిలబసులోని దాదాపు సర్వమునకును ఎక్స్‌ఎఫ్‌సీఈతో కూడిన డెబియన్ సిద్ధము చేయగలదు. పని కూడ కొండంత కాదు. ఒక్క యంత్రముపై శ్రద్ధగా సమస్తమును అమర్చి, తెలుగు ఖతులు వేసి, జీర్యామ్ పెట్టి, తైవాను వారి క్లోన్‌జిల్లాతో దాని డిస్కునకు ప్రతిరూపము తీసి, ఒక పెన్‌డ్రైవుతో మిగిలినవానిపై వరుసగా దింపుకొనుచు పోవచ్చును. ల్యాబు అసిస్టెంటుకు అది ఒకటి రెండు దినముల పని. వేలమునకు కావలసిన కమిటీ, విలువకట్టు నివేదిక, పై అధికారి సంతకములకు పట్టు కాలముతో పోల్చిన అది ఏపాటిది?